మూసిన తలుపు – తల్లిదండ్రుల ధర్మం



కొన్ని సంవత్సరాల క్రిందట యోగవాసిష్ఠంలోని వైరాగ్య ప్రకరణాన్ని గురించి ప్రసంగించిన సాయంకాలం, ఒక తల్లి మా వద్దకు వచ్చి చేతులు జోడించింది. "అయ్యా, మా అబ్బాయి కూడ రాములవారి వలెనే ఉన్నాడండీ. ఏడాదిగా గది దాటి రావడం లేదు. అన్నం పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి వస్తున్నాను" అన్నది. మేము తొందరపడి, "అమ్మా, అది పూర్వజన్మ సుకృతం, చింతించకు" అని చెప్పి పంపివేశాము. ఆ పిల్లవానిని మేము చూడలేదు. ఆమెను ఒక్క ప్రశ్న అయినా అడుగలేదు. ఆమె మరల మా వద్దకు వచ్చేసరికి మూడేళ్ళు గడిచాయి. ఆ తలుపు అట్లే ఉన్నది. ఆ తప్పు మాది. దానిని సరిదిద్దుకొనుటకే నేటి ఈ నాలుగు మాటలు.

ఈ బాధకు జపాను దేశంలో ఒక పేరు కలదు. 'హికికొమొరి' అంటారు. వెనుకకు లాగుకొని లోపలనే ఉండిపోవుట అని దాని అర్థం. సైతో తమాకి అనే మనోవైద్యుడు 1998లో ఈ విషయంపై వ్రాసిన గ్రంథం వలన ఆ మాట ఇంటింటికీ తెలిసింది. చదువునకు, ఉద్యోగానికి, స్నేహితుల వద్దకు పోక ఆరు నెలలకు మించి ఇంటిలోనే ఉండిపోయిన వారిని అక్కడ ఈ పేరుతో పిలుస్తారు. 2023లో ఆ ప్రభుత్వం ప్రకటించిన అంచనా ప్రకారం 15 మొదలు 64 ఏండ్ల వయస్సులోపు ఇట్టివారు సుమారు 14 లక్షల 60 వేలమంది.

వీరంతా సోమరులా? కారు. బడిలో తోటివారి వేధింపు, పరీక్షలో వైఫల్యం, 1990ల ఆర్థిక పతనం తరువాత దొరకని ఉద్యోగం, మనోవ్యాధి – ఇట్లు కారణాలు పలువిధాలు. బయటకు రావాలని కోరిక ఉండి కూడ, రాలేక లోలోన కుమిలిపోయేవారు వీరిలో ఎందరో.

అక్కడ 'సెకెంతెయి' అనే మరొక మాట కలదు. నలుగురిలో పరువు అని చెప్పుకొనవచ్చును. ఆ పరువు కోసం తల్లిదండ్రులు బిడ్డ సంగతి బంధువులకు చెప్పరు, వైద్యునికీ చెప్పరు. బిడ్డ ఒక తలుపు మూసుకుంటే, తల్లిదండ్రులు వీధి తలుపు మూసుకుంటారు. అట్లే ముప్పది ఏండ్లు గడిచిన ఇండ్లు కూడ ఉన్నాయి. ఎనుబదేండ్ల తల్లిదండ్రులు ఏబదేండ్ల బిడ్డను తమ పింఛనుతో పోషించే ఈ స్థితిని ఆ దేశంలో '8050 సమస్య' అంటున్నారు. తమ తరువాత ఈ బిడ్డకు పళ్ళెం ఎవరు పెడతారన్న చింతతోనే ఆ వృద్ధులకు నిద్ర పట్టదు. నలుగురు ఏమనుకుంటారో అనే భయం మన ఇండ్లలో మాత్రం తక్కువా? ఆలోచించండి.

ఇప్పుడు రామకథకు వద్దాము. తీర్థయాత్ర నుండి తిరిగివచ్చిన రాముడు పదునారేండ్లు నిండని బాలుడు. ఒంటరిగా కూర్చుంటాడు, చిక్కిపోతాడు, పరిచారకులు బతిమాలితేనే నిత్యకృత్యాలు చేస్తాడు. దశరథుడేమి చేశాడు? "రాజకుమారుడవై ఇదేమి?" అని గద్దించలేదు. ఒడిలో కూర్చుండబెట్టుకొని, నీ దుఃఖమేమి నాయనా అని అడిగాడు. రాముడు చెప్పలేదు. తండ్రి కోపించక వసిష్ఠుని అడిగాడు. పిమ్మట విశ్వామిత్రుడు వచ్చి ఆదరంతో ప్రశ్నించగా రాముడు నోరు విప్పాడు. సభ అంతా నిశ్శబ్దంగా విన్నది. అంతా విన్న తరువాతనే వసిష్ఠుడు బోధ ఆరంభించాడు. ముందు అడుగుట, తరువాత వినుట, చివరకు చెప్పుట – ఇదీ క్రమం. మనము ఈ క్రమాన్ని తలక్రిందులు చేస్తున్నాము.

అయితే గదిలో ఉన్న ప్రతి బిడ్డా రాముడే అని మేము మరల పొరబడము. వైరాగ్యం సత్యాన్ని వెదుకుతుంది, ప్రశ్నించగలుగుతుంది. భయం మనిషి కంటికే కనబడకుండ దాగుకొంటుంది. బయటనుండి చూస్తే రెండూ ఒకే విధంగా కనిపిస్తాయి. కనుకనే తెలిసినవారి సహాయం కావాలి.

జపాను ప్రాచీన గాథలలోనూ ఒక మూసిన తలుపు కలదు. సోదరుని ఆగడాలకు నొచ్చుకొని సూర్యదేవత అమతెరసు రాతిగుహలో దాగినదట. లోకం చీకటి అయినది. దేవతలందరు గుహ ముందు చేరి నృత్యంతో, నవ్వులతో సందడి చేశారు. ఆ సందడి ఏమిటోనని ఆమె తానే తలుపు కొంచెం తెరచినది. అప్పుడు గదా ఒక దేవుడు ఆమె చేయి అందుకొన్నాడు! తలుపు తెరవక ముందు కాదు.

ఈ సూక్ష్మం మరచి, పిల్లలను బలవంతంగా ఈడ్చుకుపోయే సంస్థలు ఆ దేశంలో కొన్ని వెలిశాయి. వాటిపై బాధితులు న్యాయస్థానాలకు వెళ్ళవలసివచ్చింది. మేలు చేసిన మార్గం వేరు. 1999లో ఇట్టి బిడ్డల తల్లిదండ్రులే ఒక సంఘంగా కూడి, ఒకరి కష్టం ఒకరు చెప్పుకొనసాగారు. 2009 నుండి ప్రభుత్వం ప్రాంతీయ సహాయ కేంద్రాలను నెలకొల్పింది. బిడ్డ రాకపోయినా, ముందుగా తల్లిదండ్రులే పోయి అక్కడ మాట్లాడవచ్చును. నిందించక పలుకరించుటను వారు నేర్చుకొంటే ఇంటిలోని గాలి మారుతుంది. బిడ్డ మారుటకు అదే తొలిమెట్టు.

కాబట్టి అట్టి బిడ్డ గల తల్లిదండ్రులకు మా విన్నపం. తలుపు బాదకండి, ఇతరుల పిల్లలతో పోల్చకండి. "ఎప్పుడు బయటకు వస్తావు" అని ప్రతిదినం అడుగకండి. "ఈ రోజు పప్పుచారు చేశాను నాయనా" అనండి. జవాబు రాకపోయినా అనండి. మీ పూజ, మీ నడక, మీ స్నేహాలు మానుకొనకండి. తిండి, నిద్ర తప్పినా, చావు మాట వినబడినా, ఒక్కదినమైనా ఆలస్యం చేయక వైద్యుని ఆశ్రయించండి. మన దేశంలో 2022 నుండి టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ ఉన్నది. 14416 సంఖ్యకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. వైద్యం దైవానికి విరుద్ధం కాదు. ఔషధంలోనూ ఆయనే ఉన్నాడు.

తక్కిన భక్తులకు ఒక్కమాట. అట్టి తల్లి గుడికి వస్తే, పదిమందిలో "మీవాడు ఏం చేస్తున్నాడు?" అని అడుగవద్దు. ప్రక్కన చోటిచ్చి, తీర్థప్రసాదాలు అందించి, ఆమె చెప్పదలచినది వినండి. ఆ దినం మేము చేయనిది అదే.

ఆ తల్లి ఇప్పటికీ ఈ సన్నిధికి వస్తున్నది. ఒక వైద్యుని వద్దకు తాను ముందుగా వెళ్ళినది. మొన్న ప్రసాదం పుచ్చుకొంటూ, "గదిలోకి కాదండీ, వంటింటిలోకి వచ్చి తిన్నాడు" అన్నది. పండుగ అంటే అదే గదా!

మూసిన ప్రతి తలుపు వెనుక ఉన్న బిడ్డను, దాని ముందు నిలిచిన తల్లిని ఆ కౌసల్యానందనుడు కాపాడుగాక.

శుభమ్.