ప్రధాన గాయని వైదొలగిన పిదప

(పాఠశాల వార్షికోత్సవమునాడు తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

నేటి కార్యక్రమ పత్రికలో మా ప్రసంగ విషయము "పిల్లల గానబృందము, దాని భవిష్యత్తు" అని అచ్చువేసినారు. చూచుటకు విషయము చిన్నది. పదిమంది పిల్లలు, రెండు గిటారులు, ఒక కీబోర్డు, ఒక డప్పు, ఒక కంజిర, ఒక జత తాళములు. దీనికి భవిష్యత్తేమి, దానిని గూర్చి పెద్దలు సభ చేసి యోచించుటేమి అని కొందరికి తోచవచ్చును. మాకును మొదట అట్లే తోచినది. కాని గడచిన కొలది మాసములలో ఈ చిన్న విషయము మా కన్నులు తెరపించినది. ఆ సంగతి మీతో చెప్పుకొనుటకే నిలుచుంటిమి.

జరిగినదేమనగా, నాలుగు సంవత్సరములుగా ఈ బృందమునకు ముందు నిలిచి పాడుచున్న బాలిక దసరా సెలవుల పిమ్మట మావద్దకు వచ్చి, "ఇక నేను ముందు నిలిచి పాడను" అని చెప్పినది. జబ్బు లేదు, జగడము లేదు. పదవ తరగతి పరీక్షల భయమా యనిన అదియు కాదనినది. ఆమె అనుమతితోనే ఈ మాట చెప్పుచున్నాము.

అప్పుడు మేము చేయవలసిన పని ఒక్కటే. కూర్చుండబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆ పిల్ల మాట వినుట. మేమది చేయలేదు. మాలో ఒకరు సంక్రాంతి కార్యక్రమము పాడగునని కోపించిరి. ఒకరు ఇంత పేరు తెచ్చిపెట్టిన బృందమును నడుమ విడుచుట న్యాయమా యని అడిగిరి. ఇద్దరు ఆమె ఇంటికి పోయి గంటసేపు బోధించి, పిల్లను ఏడిపించి వచ్చిరి. తరువాత ఆమె తల్లిగారు చెప్పిన సంగతి ఇది. నాలుగేండ్లలో ఉగాది గాని, సంక్రాంతి గాని, కన్నడ రాజ్యోత్సవము గాని, స్వాతంత్ర్య దినోత్సవము గాని, ఒక్క పండుగనాడైనను ఆ పిల్ల స్నేహితురాండ్రతో కూర్చుండి కార్యక్రమము చూచి యెరుగదట. ఆమెకు కావలసినదంతయు అంతే. ఆనాటి మా ప్రవర్తనకు ఈ సభాముఖమున ఆ బాలికకును, ఆమె తల్లిదండ్రులకును క్షమాపణ చెప్పుకొనుచున్నాము.

ఇక బృందము మాట. పెద్దలలో నాలుగు అభిప్రాయములు బయలుదేరినవి. గాయని లేనిదే బృందమెక్కడిది, గౌరవముగా ముగింపుడని కొందరు. సినిమా పాటల కచేరీలు చేయువారిలో ఒకరిని రుసుమిచ్చి పిలిపింపుడని కొందరు. అదే గొంతు పోలిక గల మరియొక బాలికను వెదకి, అదే తీరున పాడుట నేర్పుడని కొందరు. ఆ బాలిక పాడగా పట్టియుంచిన రికార్డు వినిపించి, పిల్లలచేత పెదవులు కదలింపజేయుడని కొందరు. చివరి సలహా ఇచ్చినవారు సదుద్దేశముతోనే ఇచ్చిరి. అయినను దానిని వెంటనే త్రోసివేసితిమి. తక్కిన మూడింటిని తూచుటకు మునుపు ఇట్టి చిక్కు తక్కిన బృందములకు వచ్చినప్పుడు వారేమి చేసిరో చూచితిమి.

మన భాషయందే ఉదాహరణ మున్నది. హైదరాబాదునందు చౌరస్తా యను తెలుగు బృందము "ఊరెళ్ళిపోతా మామ" యను పాటతో పేరు పొందినది. ఆ పాటలో అందరికి పరిచయమైన కంఠము శ్రీ రామ్ మిర్యాల గారిది. పిమ్మట ఆయన బృందమును వీడి తన దారిన పోయిరి. 2021లో "జాతిరత్నాలు" చిత్రమున చిట్టి పాటను పాడిరి. 2022లో "డీజే టిల్లు" పాటకు తామే స్వరము కూర్చి పాడిరి. ఆయనకు కీర్తి కలిగినది. ఇవతల శ్రీ యశ్వంత్ నాగ్ గారు తదితరులు చౌరస్తా పేరును విడువలేదు, పాటను మానలేదు. విడిపోవుటవలన ఇరుపక్షములకు నాశము కలుగవలెనను నియమము లేదని దీనివలన తెలియుచున్నది.

ఇంగ్లండులో జెనెసిస్ అను బృందమును 1975లో ప్రధాన గాయకుడు పీటర్ గేబ్రియల్ విడిచెను. వారు క్రొత్త గాయకునికై పలువురిని పరీక్షించి చూచిరి. ఎవ్వరును కుదరలేదు. కడకు వెనుక కూర్చుండి డ్రమ్ములు వాయించుచున్న ఫిల్ కాలిన్సే ముందుకు వచ్చి పాడెను. ఊరంతయు వెదకిన వస్తువు ఇంటిలోనే దొరకినట్లయినది.

ఢిల్లీలోని ఇండియన్ ఓషన్ బృందమునకు వచ్చిన కష్టము మరింత పెద్దది. తబలా వాయించుచునే పాడు అసీమ్ చక్రవర్తి గారు 2009 డిసెంబరులో కాలధర్మము చెందిరి. ఆ స్థానమున వారు ఒక్కరిని తేలేదు. పాటకు హిమాంశు జోషీ గారు, తబలాకు తుహీన్ చక్రవర్తి గారు వచ్చిరి. ఒక్కరి బరువును ఇద్దరు పంచుకొనిరి. 2013లో స్థాపకులలో మరియొకరగు సుస్మిత్ సేన్ గారు వైదొలగినపుడు నిఖిల్ రావ్ గారు గిటారు పట్టిరి. బృందము సాగినది.

ఆగిపోయినవారును కలరు. లెడ్ జెప్పెలిన్ బృందము 1980లో తమ డ్రమ్ముల వాద్యకారుడు మరణింపగా, అతడు లేనిదే తాము తాము కామని ప్రకటించి విరమించినది. దానిని పిరికితనమని ఎవ్వరును అనలేదు. కావున ముగించుటయు ఒక మర్యాదగల మార్గమే. ఏ మార్గమైనను ఆ బృందములోనివారే నిర్ణయించుకొనిరి. మేము గమనించినది ఈ సంగతిని. మా నాలుగు అభిప్రాయములలో ఒక్కటియు పిల్లలను అడిగి ఏర్పరచినది కాదు!

అందుచే ఆ ఆదివారమున పిల్లలనే కూర్చుండబెట్టి, గాయని లేకుండ ఒక పాట పాడుడని అడిగితిమి. పల్లవి దివ్యముగా వచ్చినది. మొదటి చరణము కొంత వచ్చినది. రెండవ చరణమునకు వచ్చుసరికి వాద్యములు నడచుచున్నవి గాని నోళ్ళు కదలుటలేదు. ఏమి నాయనా యని డప్పు వాయించు బాలుని అడుగగా, "అది అక్క పాడేది కదండీ, మాకు రాదు" అనెను. పుస్తకములు తెప్పించి చూచితిమి. కొందరు పాటను ఇంగ్లీషు అక్షరములతో వ్రాసికొన్నారు, కొందరు కన్నడ లిపిలో వ్రాసికొన్నారు. తెలుగు అక్షరములతో వ్రాసికొన్నవారు ఇద్దరే. అర్థమడిగిన చెప్పగలవారు అంతకంటె తక్కువ.

మహాశయులారా, ఆనాడు మేము సిగ్గుపడితిమి. నాలుగేండ్లుగా మీరును మేమును చప్పట్లు చరచి, మన పిల్లలు ఎంత చక్కగా తెలుగు పాడుచున్నారని సంతోషించితిమి. పాడుచుండినది ఒక్క పిల్ల. ఆమె మంచి గొంతు వెనుక తొమ్మిదిమంది మౌనము మనకు వినబడలేదు. ఆ బాలిక వైదొలగియుండనిచో ఇంకను వినబడకయే యుండును.

మన పెద్దల కళలలో ఈ లోపము లేదు. బుర్రకథ చూడుడు. నడుమ కథకుడు తంబురతో నిలుచును. ఇరుప్రక్కల ఇద్దరు వంతలు డక్కీలతో నిలుతురు. ఒకరు హాస్యము చెప్పుదురు, ఒకరు రాజకీయము చెప్పుదురు. వంత యనిన ఊరక తందాన పలుకుట కాదు. కథ నడుమ ప్రశ్న వేయవలెను, ఎత్తిపొడువవలెను, కథకుడు ఊపిరి తీసికొనునపుడు అందుకొనవలెను. ఇదంతయు కథ పూర్తిగా తెలియనివానివలన కాదు. 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజర్ గారి వంటి మహాకథకునికైనను ఇరుప్రక్కల వంతలు కావలసినదే. కడప జిల్లా సురభి గ్రామమున 1885లో వనారస గోవిందరావు గారితో ఆరంభమైన సురభి నాటకములును అట్టివే. ఆ కుటుంబములలో పసిబిడ్డలు రంగస్థలము మీదనే పెరిగి, చిన్న వేషములు కట్టుచు పెద్ద వేషముల మాటలు చెవిని పట్టుదురు. ఒకరు తప్పుకొన్ననాడు మరియొకరు నిలువగలుగుట అందువలననే.

ఇక మనమున్న చోటును తలంపుడు. 1978లో కర్ణాటక ఎలక్ట్రానిక్స్ అభివృద్ధి సంస్థ, శ్రీ ఆర్. కె. బాళిగా గారి సంకల్పముతో, కోనప్పన అగ్రహారము, దొడ్డతోగూరు గ్రామములందు 332 ఎకరములలో ఈ ఎలక్ట్రానిక్ సిటీని నెలకొల్పినది. 2025 ఆగస్టులో మెట్రో రైలు కూడ వచ్చినది. ఇచ్చటికి అందరము ఉద్యోగముకొరకు వచ్చినవారమే. బదిలీ యగును, వేరు సంస్థలో పని దొరకును, విదేశమునకు పిలుపు వచ్చును, కుటుంబము కదలును. మన పాఠశాలలో ప్రతి జూన్ మాసమునను కొన్ని బల్లలయందు క్రొత్త ముఖములు కనబడును. ఇట్టి చోట ఒక్కరినే నమ్ముకొనిన బృందము నిలువజాలదు. వైదొలగుట ఇచ్చట విపత్తు కాదు, వాడుక.

ఇంతకంటె దగ్గరి మాట ఒకటి చెప్పనిండు. మన ఇండ్లలో తెలుగు సంగతి ఎట్లున్నది? పెక్కు ఇండ్లలో ఊరినుండి వచ్చిన నాయనమ్మయో అమ్మమ్మయో తెలుగులో మాటాడుచుందురు. తల్లిదండ్రులు సగము తెలుగు, సగము ఇంగ్లీషు. పిల్లలు విందురు, తలయూపుదురు, ఇంగ్లీషున బదులు చెప్పుదురు. మన ఇంట తెలుగు చక్కగా నడచుచున్నదని మనము తృప్తి పడుదుము. నాలుగు నెలలకు పెద్దావిడ మోకాళ్ళ నొప్పులనియో, ఊరిలో పంట చూచుకొనవలెననియో బస్సెక్కి వెడలును. ఆనాడు ఇల్లు ఏ భాషలో మాటాడుచున్నదో వినుడు. ఆ యింటి ప్రధాన గాయని ఆమెయే. తక్కినవారమందరము ఆమె పాటకు పెదవులు కదలించుచుంటిమి. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధ కలుగవలెనని రాజ్యాంగమున 350ఏ అధికరణము 1956లో చేరినది. ఆ హక్కు గొప్పది. కాని రెండవ చరణము నేర్పు బాధ్యత ఇంటివారిది, మన సంఘముది.

మరల పిల్లల సభకు వత్తము. పెద్దలమందరము వెలుపలికి పోయి, తలుపు మూసితిమి. గంటన్నర తరువాత వారు కాగితము మీద వ్రాసి యిచ్చిన నిర్ణయములు ఇవి. బృందము సాగవలెను, పేరు మారదు. ప్రధాన గాయకుడను పదవి ఇక ఉండదు. ప్రతి పాటకు ఒకరు ముందు నిలుతురు, మరియొకరు అదే పాటను సిద్ధము చేసికొని ప్రక్కన ఉందురు. పాట యెప్పుడును తెలుగు లిపిలో వ్రాసికొని, అర్థము తెలిసిన పిదపనే సాధన. ప్రతి కార్యక్రమమున ఒక కన్నడ పాట ఉండితీరవలెను. ఎవ్వరైనను "ఈసారి నేను చూచెదను" అని చెప్పవచ్చును, ఎవ్వరును కారణమడుగరాదు. ఈ చివరి నియమము చదివినపుడు మాలో పెద్దలు తలలు వంచుకొనిరి.

ఒక చిక్కు మిగిలినది. రెండు పాటలకు మాటలు వ్రాసినది ఆ బాలికయే. అవి బృందమువా, ఆమెవా? పిల్లలు ఆమెనే అడిగిరి. ఒకటి పాడుకొమ్మని ఇచ్చినది, రెండవది తనవద్ద ఉంచుకొన్నది. కావున దానిని మేము పాడుటలేదు. కొందరు పెద్దలకు అదియే మంచి పాట యని విచారమున్నది. ఉన్నను మాట మాటే.

సాధన తేలికగా సాగలేదు. పాటలన్నియు ఆ బాలిక గొంతునకు అమరిన ఐదున్నర శ్రుతిలో ఉండెను. గొంతు మారుచున్న మగపిల్లలు అంత ఎత్తున పలుకలేరు. కొన్నిటిని నాలుగు శ్రుతికి దించవలసి వచ్చినది. కీబోర్డు బాలుడు అలవాటైన వ్రేళ్ళనన్నిటిని మరల సరిచేసికొనవలసి వచ్చినది. మొదటి వారములలో పాట వినుటకు బాగుండలేదు. పాతదే బాగుండెనని మాలో కొందరు పైకే అనిరి.

సంక్రాంతినాడు తొలిసారి పాడిరి. పాత మెరుగు లేదు, దాచనక్కరలేదు. రెండవ పాటలో ముందు నిలిచిన బాలుడు చరణము మరచెను. ఒక క్షణము నిశ్శబ్దము. ప్రక్కనున్న చిన్నపిల్ల అందుకొన్నది, తరువాత డప్పు బాలుడు అందుకొన్నాడు, పిమ్మట అందరును పాడిరి. మూడవ వరుసలో ఆ బాలిక తన స్నేహితురాండ్ర నడుమ కూర్చుండి, పేలాలుండ నమలుచు, తాళము వేయుచుండెను. నాలుగేండ్లలో ఆమె కూర్చుండి చూచిన మొదటి సంక్రాంతి అది.

తల్లిదండ్రులకు మా మనవి ఇంతే. ప్రతి ఆదివారము ఉదయము పది గంటలకు సాధన జరుగును. గొంతు మంచిది కాదని మీ పిల్లను ఇంట ఉంచకుడు. పాట కాగితము ఇంటికి తెచ్చినపుడు ఒక్కసారి ప్రక్కన కూర్చుండి అర్థము చెప్పుడు. మీకే తెలియనిచో ఊరికి ఫోను చేసి పెద్దలనడుగుడు. అట్లడిగిన పిలుపునకు వారును సంతోషింతురు.

 ఇప్పుడు పిల్లలు పాడుదురు. ఎవరు ముందు నిలుతురో మాకును తెలియదు.