ముందుగా కట్టిన పన్ను - లెక్కకు ఎక్కించే విధము
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



పంచాంగ శ్రవణంలో ఎవరి రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని ఇప్పుడే విన్నాము. ఆ ఆదాయానికి పన్ను లేదు. సర్కారువారు లెక్కించే ఆదాయానికి మాత్రం ఉన్నది. వారి సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది గనుక ఇంచుమించు మన ఉగాది వేళకే వారి పద్దు కూడా మూతపడుతుంది. పండుగపూట ఈ గోల ఏమిటని విసుగుకోకండి. నేను రైల్వే గుమాస్తాను, ఆడిటరును కాను. రశీదులతో నిత్యం పని గనుక తెలిసినంత మనవి చేస్తాను.

జీతంలో కోసే పన్నును యజమానే మన పేర జమ కడతాడు. దాన్నే టి.డి.ఎస్. అంటాము. కాని హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో కాపురమున్న మనవాళ్లకు జీతంతోబాటు స్వస్థలంలో ఇంటి అద్దె, బ్యాంకి డిపాజిట్ల వడ్డీ, అమ్మిన ఇంటిస్థలంపై లాభం వంటి రాబడులు కూడా ఉంటాయి. టి.డి.ఎస్. పోను కట్టవలసినది ఏడాదికి 10,000 రూపాయలు గాని, అంతకు మించి గాని ఉంటే, ముందుగానే అంచనా వేసుకొని వాయిదాలలో కట్టవలెను. ఇదే అడ్వాన్స్ టాక్స్. జూన్ 15 నాటికి నూటికి 15 వంతులు, సెప్టెంబరు 15 నాటికి 45, డిసెంబరు 15 నాటికి 75, మార్చి 15 నాటికి మొత్తం. అంచనా 40,000 అయితే జూన్‌లో 6,000, సెప్టెంబరుకు కలిపి 18,000, డిసెంబరుకు 30,000, మార్చికి 40,000. తక్కువ కడితే నెలకు నూటికి ఒక రూపాయి చొప్పున వడ్డీ పడుతుంది. అరవై ఏళ్లు నిండి, వ్యాపారం, వృత్తి రాబడి లేని పెద్దలకు ఈ నిర్బంధం లేదు.

కట్టేశాము గదా అని చాలమంది అక్కడితో నిశ్చింతగా ఉంటారు. చిక్కు అక్కడే వస్తుంది. పార్సెల్ ఆఫీసులో మూట ఉన్నంతమాత్రాన అది మన చేతికి రాదు. రశీదులో నంబరు, పేరు, చేరవలసిన స్టేషను సరిపోవలెను. పన్ను సంగతీ అంతే. డబ్బు ఖజానాలో ఉండవచ్చును, కాని మన రిటర్నులో సరిగా చూపితేనే మన లెక్కకు ఎక్కుతుంది.

కంప్యూటరులో రిటర్ను నింపేటప్పుడు అడ్వాన్స్ టాక్స్‌కు వేరే పట్టిక ఉంటుంది. దాన్ని టి.డి.ఎస్. పట్టికలో కలపరాదు. చలానా చూచి ప్రతి వాయిదాకు ఒక వరుసలో నాలుగు సంగతులు వ్రాయవలెను: బ్యాంకి శాఖను తెలిపే ఏడంకెల బి.ఎస్.ఆర్. కోడు, కట్టిన తేది, అయిదంకెల చలానా నంబరు, మొత్తం. నాలుగు వాయిదాలనూ కూడి ఒకే మొత్తంగా వేస్తే ఏ చలానాతోనూ సరిపోదు. కొన్ని వరుసలు ముందే నిండి వస్తాయి. వాటిని చూడకుండా మళ్లీ వ్రాస్తే ఒకే డబ్బు రెండుసార్లు చూపినట్లవుతుంది. ఏ.ఐ.ఎస్. అనే వార్షిక సమాచార పట్టికతో సరిపోల్చుకొనుట మేలు.

సంవత్సరం విషయంలో మరీ జాగ్రత్త. మా వీధిలో ఒకాయన 2025 మార్చిలో పన్ను కడుతూ, నడుస్తున్నది 2024-25 గదా అని అదే ఎంచుకొన్నారు. ఆయన ఎంచుకోవలసినది 2025-26 అసెస్‌మెంటు సంవత్సరం. కొన్ని నెలలకు బాకీ ఉన్నదని నోటీసు వచ్చింది. పిల్లల ఫీజుకు దాచిన సొమ్ము మళ్లీ కట్టాలేమోనని ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు. ఇటువంటి పొరపాటును చలానా కట్టిన ఏడు దినములలోపల పోర్టలులోనే దిద్దుకోవచ్చును. ఆ తరువాత అధికారికి అర్జీ పెట్టుకోవలెను. 2026 ఏప్రిల్ 1 నుండి వర్తించే 2025 నాటి కొత్త చట్టంలో ఈ రెండు పేర్ల తికమక తీసివేసి ‘పన్ను సంవత్సరం’ అని ఒకటే పెట్టారు. పాత సంవత్సరాల లెక్కలకు మాత్రం పాత పేర్లే.

అక్కలకు, చెల్లెళ్లకు ఒక మాట. ఇల్లు మీ పేర ఉండి, అద్దె మీదైతే, చలానా మీ పాన్ నంబరుతోనే కట్టించండి. భర్త నంబరుతో కట్టినది మీ లెక్కకు రాదు.

‘రాష్ట్రానికి కూడా కడుతున్నాము గదా, అదీ ఇందులో చూపవద్దా?’ అని కొందరు అడుగుతారు. అమెరికాలో చాల రాష్ట్రాలు ఆదాయపు పన్ను వేస్తాయి గనుక అక్కడి మన పిల్లలు రాష్ట్రానికి ముందుగా కట్టినది విడిగా చూపుతారు. మన రాజ్యాంగం ప్రకారం వ్యవసాయం మినహా ఆదాయంపై పన్ను కేంద్రానిది. మనం కట్టే వృత్తి పన్ను వేరు. దానికి 276వ అధికరణం ప్రకారం 1988 నుండి ఏడాదికి 2,500 రూపాయలు హద్దు. ఇక్కడ తమిళనాడులో అది ఆరునెలలకొకసారి స్థానిక సంస్థకు పోతుంది. రోజూ బెంగుళూరుకు పోయి పనిచేసేవారికి కర్ణాటక పన్ను జీతంలోనే కోస్తారు. దాన్ని అడ్వాన్స్ టాక్స్ వరుసలో వేయరాదు. పాత విధానంలో లెక్క చూపేవారికి జీతపు ఆదాయంలోనుండి తగ్గింపు మాత్రం దొరుకుతుంది.

రిటర్నులు సరిచూచే కేంద్రం మన పొరుగున బెంగుళూరులోనే ఉన్నది. కాని అక్కడ లెక్క చూచేది యంత్రం. దానికి మన ముఖం, మన నిజాయితీ తెలియవు. అంకె సరిపోయిందా లేదా, అంతే. అందుచేత ప్రతి చలానా నకలు ఇంట్లో దాచండి. ఎవరికో పాస్‌వర్డు అప్పగించి ఊరుకోక, పంపేముందు పన్ను చెల్లింపుల పట్టిక మీరే ఒకసారి చదవండి. ఇంగ్లీషు రాని పెద్దలకు మన యువకులు పక్కన కూర్చుని ప్రతి వరుసా తెలుగులో చెప్పవలెనని నా ప్రార్థన. పరాయి ఊరిలో మన కష్టార్జితానికి మనమే కాపలా.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. సెలవు.