ఆసుపత్రి ఔషధావళి

ఏ ఆసుపత్రికైనను మందుల పట్టికలు రెండుండును. ఒకటి, నేడు బీరువాలో ఏ మందులున్నవో తెలుపునది. రెండవది, ఆ ఆసుపత్రిలో ఎల్లప్పుడు ఏ మందులుండవలెనో తెలుపునది. మొదటిది నిల్వ పట్టిక, రెండవది ఔషధావళి. ఈ రెండును ఒకటే యని తలచుటవలన వచ్చు కీడును గూర్చియు, కంప్యూటరునుండి సరియైన ఔషధావళిని రాబట్టు విధమును గూర్చియు నేడు మనవి చేయుదుము.

ఔషధావళి కొత్త భావము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977లో తన మొదటి అత్యవసర ఔషధముల పట్టికను ప్రకటించినది. మన దేశపు తొలి జాతీయ పట్టిక 1996లో వెలువడి, 2003, 2011, 2015 సంవత్సరములలో సవరింపబడి, 2022లో 384 మందులతో మరల వెలువడినది. అందు ప్రతి మందునకును ఎదుట, అది ప్రాథమిక స్థాయిలో ఉండవలెనో, పై స్థాయిలలో ఉండవలెనో గుర్తు కలదు. ఉట్నూరు ఏజెన్సీలోని ఆరోగ్య కేంద్రమునకు కావలసినవి వేరు. ఆదిలాబాదు రిమ్సు వంటి బోధనాసుపత్రికి కావలసినవి వేరు. తన తావునకు, తన రోగులకు తగినవి ఏరుకొనుటయే ప్రతి ఆసుపత్రి చేయవలసిన పని.

ఇక కంప్యూటరు సంగతి. సి-డాక్ సంస్థ రూపొందించిన ఈ-ఔషధి అను సాఫ్ట్‌వేరు 2011లో రాజస్థానమున అమలునకు వచ్చి, అటుపిమ్మట మన రాష్ట్రమునను ప్రవేశించినది. ఇట్టి సాఫ్ట్‌వేరులలో మందు పేరు, రూపము, మోతాదు, బ్యాచి సంఖ్య, గడువు తేది, నిల్వ అన్నియు ఉండును. మీట నొక్కినంతనే వందల వరుసల నివేదిక చేతికి వచ్చును. అయితే దానిని ఉన్నదున్నట్లు అచ్చు వేసి గోడకు అంటించిన ఔషధావళి కాదు.

మొదటి చిక్కు పేర్లది. ఒకే పారాసిటమాల్ ఒకచోట జెనెరిక్ పేరుతోను, ఒకచోట కంపెనీ పేరుతోను, మరొకచోట అక్షరము తప్పియు నమోదై యుండవచ్చును. మూడు బ్యాచీలున్నచో మూడు వరుసలగును. వీనినన్నిటిని జెనెరిక్ పేరు క్రింద ఒక్కటిగా చేర్చవలెను. అట్లని రూపమును, మోతాదును కలిపివేయరాదు. 500 మిల్లీగ్రాముల మాత్రయు, పసిబిడ్డలకిచ్చు సిరపును ఒకే వరుసలో చేర్చినచో, బిడ్డ మందు లెక్కలోనుండి మాయమగును.

రెండవ చిక్కు ఇంతకన్న పెద్దది. నివేదిక కోరునపుడు ‘నిల్వ ఉన్నవి మాత్రమే’ అని ఎంచుకొనుట సులభము; పట్టిక పొట్టిదై ముచ్చటగా నుండును. కాని పాముకాటు విరుగుడు మందును తలచి చూడుడు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటి విషమునకును విరుగుడుగా మన దేశమున ఒకే ఇంజక్షను తయారగుచున్నది. ఆనాటికి స్టోరులో అది నిండుకొని యున్నచో, పట్టికలో దాని పేరే రాదు. పేరు లేని మందునకు ఇండెంటు వ్రాయువాడుండడు. తొలకరి పడును, కరీంనగరు వరిమడులలోనికి, ఆదిలాబాదు పత్తి చేలలోనికి రైతులు దిగుదురు. కాటు తిన్నవానిని మోసికొని వచ్చినపుడు మందు లేకున్న, మరియొక ఆసుపత్రికి పోవు దారిలోనే ప్రాణము పోవచ్చును. కనుక నిల్వ సున్న యైన మందు పేరే పట్టికలో అందరికంటను ముందు పడవలెను.

ఎక్కువగా వాడబడిన వానినే పట్టికలో చేర్చుదమన్నను ఇదే ప్రమాదము. ఏడాదికి పదిసార్లు వాడు మందు వేలకొలది మాత్రల క్రింద అడుగున పడిపోవును. అందుచేతనే నిపుణులు మందులను ప్రాణాధారములు, ఆవశ్యకములు, వాంఛనీయములు అని మూడు తరగతులుగా విభజించిరి. ఈ విభజన యంత్రము తనంత చేయజాలదు. వైద్యులు, ఫార్మసిస్టులు, నర్సులు కూర్చుండి నిర్ణయింపవలెను. ఆ నిర్ణయమును ఒక్కసారి నమోదు చేసినచో, పిదప తప్పక జ్ఞాపకము చేయునది మాత్రము యంత్రమే.

ఇట్లు సిద్ధమైన ఔషధావళిపై తేది వేసి, ప్రతి వైద్యుని బల్లపై ఒక ప్రతి నుంచి, కనీసము ఏడాది కొకసారి సరిచూడవలెను. గృహస్థులకును ఇందు పాత్ర కలదు. మందు బయట కొనుడని చీటి చేతికిచ్చినపుడు, “ఇది మీ ఆసుపత్రి పట్టికలో నున్నదా?” అని మర్యాదగా అడుగుడు. ఉన్నదని తేలినచో అది నిండుకొన్న సంగతి అధికారుల దృష్టికి వచ్చును. లేదని తేలినచో, ఉండవలెనా యను ఆలోచన పుట్టును. ఏది తేలినను రేపు వచ్చు రోగికి మేలే కలుగును.