తోటకు కావలివారు



తొలకరి పడి నేల మెత్తబడగానే మందస ప్రాంతపు తోటలలో నత్తలు బయలుదేరుతవి. గుల్ల గలవి కొన్ని, గుల్ల లేనివి కొన్ని. పగలంతా రాలిన కొబ్బరిమట్టల చాటున దాగి, రాత్రివేళ లేతమొక్కలను కొరికివేస్తవి. తెల్లవారి చూస్తే వంగనారు స్థానంలో మోడులు, వాటి ప్రక్క తళతళలాడే జిగురుచారలు!

అప్పుడు మనకు తోచేవి రెండే: ఉప్పు, విషపు గుళికలు. ఉప్పు నత్తతోపాటు నేలనూ చెరుపుతుంది. మెటాల్డిహైడ్ గుళికలు తింటే కుక్కలూ కోళ్లూ కూడా చావవచ్చు. మరి నత్తను ఆహారంగా కోరే ప్రాణులే లేవా?

మన జిల్లాలోనే, ఇచ్ఛాపురం దాపున తేలుకుంచి అనే గ్రామమున్నది. ఏటా వానకారులో నత్తగొట్టు కొంగలు అక్కడి చింతచెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకొని పోతవి. ఎదిగిన కొంగ ముక్కు మూసినా నడుమ సందు కనబడుతుంది. పిల్లకు అది ఉండదు. నీటినత్త దాని ముఖ్యాహారం. ముక్కుకొనను గుల్లమూత క్రింద దూర్చి లోపలి మాంసాన్ని లాగివేస్తుంది. ఊరివారు ఆ పక్షులను వానలు తెచ్చే చుట్టాలుగా ఎంచి ఆదరిస్తారు. చెట్టు నిలిస్తే కొంగ వస్తుంది. కొంగ వస్తే పొలంలో నత్త తగ్గుతుంది.

ఐతే మెట్టతోటలోని నత్తకోసం ఈ కొంగ రాదు. అక్కడి కావలివారు వేరు. జెముడుకాకి, గోదురుకప్ప, నల్లపెంకు పురుగులు, పెంపుడు బాతులు - ఇవన్నీ నత్తలను తినేవే. జెముడుకాకికి గుబురైన కంచె కావాలి. కప్పకు నీటిగుంట, చల్లని రాళ్లసందు కావాలి. వీటిని తోట అంచున ఉంచండి. నారుమడి చుట్టూ మాత్రం తడిచెత్త ఉంచవద్దు. అది నత్తలకే ఆశ్రయమవుతుంది. సాయంత్రం మడి ప్రక్కన తడిగోనె పరచి, ఉదయం దానిక్రింద చేరిన నత్తలను, చేతికి గుడ్డ చుట్టుకొని ఏరి, బాతులకు వేయండి. నారు నిలదొక్కుకొన్న తరువాతనే బాతులను తోటలోకి విడవండి.

ఈ పద్ధతి ఒక్కరోజులో ఫలమివ్వదు. విషం చల్లుతూ కావలివారిని పిలిస్తే వారు రారు. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరి, జీడి చెట్లను నేలకూల్చింది. తిరిగి తోట వేసుకొనేవారు ఫలమిచ్చే మొక్కలతోపాటు గట్టున ఒక చింతమొక్కనూ నాటండి. దాని నీడలో మనం కూర్చుంటాము. దాని కొమ్మమీద మన కావలివారు కూర్చుంటారు.