ఆర్.ఎం.పి. అను మూడక్షరములు

(జమ్మలమడుగు ప్రాంత గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతములలోని పల్లెలలో ఎవరికైనను జ్వరము తగిలినచో మొదట వినవచ్చు మాట "ఆర్.ఎం.పి.ని పిలువండి" అనునదే. ఆయన అర్ధరాత్రియైనను వచ్చును. చేతిలో పైకము లేకున్నను పంటల నాటికి ఇమ్మనును. ఊరివాడు, మన కష్టసుఖము లెరిగినవాడు. అట్టివానియందు జనులకు నమ్మకము కుదురుట సహజమే. ఆయనను నిందించుట మా ఉద్దేశము కాదు. కాని ఆ మూడక్షరములకు చట్టములో ఒక అర్థమును, పల్లెలో వేరొక అర్థమును ఏర్పడి యున్నవి. ఆ భేదము తెలియకపోవుటవలన కలుగు నష్టమును గూర్చి మీకు విన్నవింపదలచితిమి.

చట్టము ప్రకారము ఆర్.ఎం.పి. యనగా రిజిస్టర్డు మెడికల్ ప్రాక్టీషనరు. వైద్యశాస్త్రమును చదివి, పరీక్షలలో నెగ్గి, వైద్య మండలి పట్టికలో పేరు నమోదైన వైద్యుడు. పల్లెలో మాత్రము ఏ పట్టికలోను పేరు లేనివానినే సాధారణముగా ఆర్.ఎం.పి. యని పిలుచుచున్నాము.

ఈ పట్టిక నిన్న మొన్న పుట్టినది కాదు. జమ్మలమడుగులో లండన్ మిషనరీ సంఘమువారు క్యాంబెల్ ఆసుపత్రిని నెలకొల్పిన నాటికి మన ప్రాంతమున అట్టి పట్టిక లేదు. కడప జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో నుండగా 1914లో మద్రాసు వైద్యుల నమోదు చట్టము వచ్చినది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప 1968లో మనకు వేరుగ చట్టము చేయబడినది. నేడు దేశమంతటికిని 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టము వర్తించుచున్నది. నమోదు లేక వైద్యవృత్తి చేయువారికి ఒక సంవత్సరము వరకు కారాగారము గాని, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని ఆ చట్టము చెప్పుచున్నది. ఆయుర్వేద, హోమియో వైద్యులకు వేరు పట్టికలు కలవు.

2023 ఆగస్టు 2వ తేదీన జాతీయ వైద్య కమిషన్ క్రొత్త నియమావళి నొకదానిని ప్రకటించినది. దాని పేరులోనే 'రిజిస్టర్డు మెడికల్ ప్రాక్టీషనర్' అను మాట యున్నది. అది విని, ఊరి ఆర్.ఎం.పి.కి ప్రభుత్వపు గుర్తింపు లభించినదని ఎవరును భ్రమపడరాదు. ఆ నియమములు పట్టికలోని వైద్యులకు సంబంధించినవే. మందులను కంపెనీ పేరుతో గాక అసలు పేరుతో వ్రాయవలెననియు, మందుల కంపెనీల కానుకలు స్వీకరింపరాదనియు, వైద్యులు తమ విద్యను ఎప్పటికప్పుడు పెంపొందించుకొనవలెననియు అందు విధించిరి. మందుల నాణ్యతకు ముందుగా హామీ యుండవలెనని వైద్య సంఘములు ఆక్షేపించినవి. అదే నెల 23వ తేదీన కమిషన్ ఆ నియమావళిని నిలిపివేసి, 2002 నాటి నియమములను తిరిగి అమలులోనికి తెచ్చినది.

ఆ 2002 నియమములు మనకెంతో ఉపయోగకరములు. వైద్యుడు తన నమోదు సంఖ్యను వైద్యశాలలో అందరికిని కనబడునట్లు ప్రదర్శింపవలెను. మందుల చీటీపైనను, ధ్రువపత్రముపైనను, రసీదుపైనను ఆ సంఖ్య వేయవలెను. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందిన రోగి తన రికార్డుల నడిగినచో 72 గంటలలో ఇయ్యవలెను. వైద్యుడు తప్పుచేసినచో మండలి విచారించి అతని పేరును పట్టికనుండి తొలగింపగలదు.

ముఖ్యమైన విషయ మిచ్చటనే యున్నది. పట్టికలో లేనివాని పేరును మండలి యెట్లు తొలగించును? నియమము లెన్ని మార్చినను, ఎంత కఠినముగ చేసినను, అవి పట్టికలోని వారినే కట్టివేయును. పట్టికకు వెలుపలి వైద్యమును ఆశ్రయించిన రోగికి ఆ రక్షణలో భాగము లేదు.

ఈ ప్రమాదము ఊహ కాదు. కంబోడియా దేశమున రోకా అను గ్రామములో అనుమతి లేని వైద్యు డొకడు సూదులను మరల మరల వాడుటచేత రెండువందల మందికి పైగా హెచ్.ఐ.వి. సోకినట్లు 2014 చివర బయటపడినది. అతడు గ్రామస్థుల ప్రేమాభిమానములు చూరగొన్నవాడే. 2015లో న్యాయస్థాన మతనికి 25 సంవత్సరముల శిక్ష విధించినది. మన దేశమున హోమియో వైద్యు డొకడు జ్వరరోగికి తాను చదువని అల్లోపతి మందుల నిచ్చెను. రోగి మరణించెను. తనకు తెలియని పద్ధతిలో వైద్యము చేయుట నిర్లక్ష్యమేనని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. చదివిన వైద్యునికే ఆ హద్దు ఉన్నపుడు, చదువని వాని సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

శిక్షణ నిచ్చిన చాలదా యని మీరడుగవచ్చును. పశ్చిమ బెంగాలులోని బీర్భూం జిల్లాలో ఇట్టివారికి తొమ్మిది నెలలు శిక్షణ నిచ్చి పరీక్షించి, ఫలితములను 2016లో ప్రకటించిరి. రోగులను సరిగా చూచుట కొంత మెరుగుపడినది. అవసరము లేని యాంటీబయోటిక్ మందులిచ్చుట మాత్రము తగ్గలేదు. కనుక శిక్షణ మేలుచేయును గాని, వైద్యునికి మారు కాజాలదు.

ఇక పంచాయతీ చేయదగిన పనులు నాలుగు కలవు.

ఒకటి: ఊరిలో వైద్యశాల పెట్టుటకు ఎవరైన గది నడిగినచో, నమోదు పత్రమును, వైద్యశాలకు జిల్లా అధికారు లిచ్చిన అనుమతిని ముందుగ చూడవలెను.

రెండు: పట్టికలోని వైద్యునిపై ఫిర్యాదున్నచో విజయవాడలోని ఆంధ్రప్రదేశ్ వైద్య మండలికిని, పట్టికలో లేనివానిపై నున్నచో జిల్లా వైద్యారోగ్యశాఖాధికారికిని వ్రాయవలెను.

మూడు: ప్రథమచికిత్సతో ఆగవలసిన చోట ఆగుమని ఊరి ఆర్.ఎం.పి.తో పెద్దలే సౌమ్యముగ మాట్లాడవలెను. పాముకాటు, గుండెనొప్పి, ఆయాసము, గర్భిణికి రక్తస్రావము వంటివి వచ్చినపుడు సెలైను కట్టి కాలము గడుపరాదు. 2005లో మొదలైన 108 వాహనమును వెంటనే పిలిపింపవలెను. ఆ పిలుపు ఆయన చేతనే చేయించినచో మరియు మేలు.

నాలుగు: ఆరోగ్య ఉపకేంద్రము తలుపులు వేళకు తెరువబడుచున్నవో లేవో సభ్యులు స్వయముగ చూచి, లోపమున్నచో గ్రామసభలో చర్చించి పై అధికారులకు తెలుపవలెను. ఆ తలుపునకు తాళము వేసియున్నంత కాలము, పట్టికను గూర్చి మేమెన్ని మాటలు చెప్పినను రోగి ఊరి ఆర్.ఎం.పి. యింటికే నడచును. ఆ నడకలో అతని తప్పు లేదు.

కనుక రేపు మీ ఊరిలో మందుల చీటీ యెవరి చేతనైన కనబడినచో, అందు వైద్యుని సంతకముతోపాటు నమోదు సంఖ్య కూడ కలదేమో చూడుడు. లేనిచో అడుగుడు. అడుగుట అవమానించుట కాదు. అది చట్టము మన కిచ్చిన హక్కు.