పదవ తరగతి పరీక్ష – పంచాయతి సభ్యుల బాధ్యత
(గ్రామ పంచాయతి సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మంచినీరు, వీధి దీపములు, మురుగు కాలువలు మన పనులని మనకందరికిని తెలియును. పదవ తరగతి పరీక్ష మాత్రము ఉపాధ్యాయుల వ్యవహారమని తలచి ఊరకుందుము. వార్డు సభ్యుడుగా నున్నప్పుడు నేనును అట్లే తలచితిని.

మా గ్రామమున ఒక కూలి కుటుంబపు బాలిక అమ్మమ్మ యొద్ద నుండి చదువుకొనుచుండెను. తల్లిదండ్రులు ఇటుక బట్టీలో పనిచేయుచుండిరి. ఆ పిల్లకు లెక్కలలో 31 మార్కులు వచ్చినవి. తప్పినదని విన్న నాలుగవ నాడే తండ్రి వచ్చి ఆమెను బట్టీకి తీసికొనిపోయెను. మాకు సంగతి తెలియు నప్పటికి సప్లిమెంటరీ పరీక్షకు ఫీజు కట్టు గడువు దాటినది. నాలుగు మార్కుల కొరకు ఒక సంవత్సరము పోయినది. ఆ తండ్రిని తప్పు పట్టుటకు నాకు నోరు రాలేదు. మరల పరీక్ష కలదని ఆయనకు చెప్పిన వారెవరు?

ఆంధ్రప్రదేశ్ నియమము సులభమైనదే. ఒక్కొక్క విషయములో నూటికి 35 మార్కులు, ద్వితీయ భాషయైన హిందీలో 20 మార్కులు వచ్చిన ఉత్తీర్ణత లభించును. ఒక దానిలో తప్పినవారు తక్కినవన్నియు మరల వ్రాయనక్కరలేదు. ఆ ఒక్కటి వ్రాసిన చాలును. 2025లో ఏప్రిల్ 23వ తేదీన ఫలితములు వెలువడగా, మే 19 నుండియే సప్లిమెంటరీ పరీక్షలు జరిగినవి. అందు ఉత్తీర్ణులైనవారు ఆ ఏడే ఇంటర్మీడియట్‌లో చేరుటకు అర్హులు. బడి మానివేసి చాల కాలమైన వారికి సార్వత్రిక విద్యాపీఠము ద్వారా పదవ తరగతి వ్రాయు అవకాశము కలదు. ఇందుకు 14 ఏండ్లు నిండవలెను.

ఉత్తీర్ణులైన వారి విషయమునను మనము మెలకువగా నుండవలెను. స్నేహితుడు చేరిన గ్రూపులోనే చేరుట మన పిల్లలకు అలవాటు. ఇంజనీరింగునకు గణిత, భౌతిక, రసాయన శాస్త్రములును, వైద్య విద్యకు జీవ, భౌతిక, రసాయన శాస్త్రములును ఇంటర్మీడియట్‌లో చదివి యుండవలెను. చరిత్ర, అర్థశాస్త్రము తీసికొనినవాడు రెండేండ్ల పిమ్మట మనసు మార్చుకొనినను ఆ చదువులకు అర్హుడు కాడు. పాలిటెక్నిక్‌కు ప్రవేశ పరీక్ష, పాలిసెట్, వేరుగా కలదు. డిప్లొమా ముగించినవారు ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరములోనే చేరవచ్చునని మన పల్లెలలో ఎందరికి తెలియును? ఐ.టి.ఐ.లో వెల్డరు పనికి ఎనిమిదవ తరగతి చాలును గాని, ఎలక్ట్రీషియను పనికి పదవ తరగతి ఉత్తీర్ణత కావలెను. గ్రామీణ విద్యార్థుల కొరకు 2008లో నెలకొల్పిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము పదవ తరగతి మార్కులను బట్టియే ఆరేండ్ల చదువునకు చేర్చుకొనును. నూజివీడు, ఇడుపులపాయ దాని కేంద్రములలోనివి.

ఇక పూర్తిగా మన చేతిలోని పని యొకటి కలదు. పదవ తరగతి ధ్రువపత్రములో పడిన పేరు, పుట్టిన తేదీ జీవితాంతము వెంట వచ్చును. పరీక్షకు ముందు బడిలో విద్యార్థుల పేర్ల పట్టిక తయారగు నప్పుడే తప్పు దిద్దుట సులభము. పత్రము అచ్చయిన తరువాత కార్యాలయముల చుట్టు తిరుగవలసి వచ్చును. జనన నమోదు పుస్తకము మన పంచాయతి కార్యదర్శి యొద్దనే యుండును గదా! పట్టిక బోర్డునకు పోకముందే ప్రధానోపాధ్యాయుడును కార్యదర్శియు ఒక పూట కూర్చుండి రెండును సరిచూచునట్లు మనము చేయవచ్చును.

ఫలితములు వచ్చిన నాడే ప్రతి సభ్యుడును తన వార్డులో తప్పిన పిల్లల పేర్లు బడి నుండి తెచ్చుకొనవలెను. ఏప్రిల్ 24 పంచాయతీరాజ్ దినము. ఆనాడు గ్రామసభ జరిగినచో ఫీజు గడువును, పరీక్ష తేదీలను అందు చాటించవచ్చును. పిల్లల పేర్లు మాత్రము సభలో చదువరాదు. వారు సిగ్గుపడి ముఖము చాటు చేసికొందురు. సాయంకాలము, కూలికి పోయిన పెద్దలు ఇల్లు చేరిన తరువాత, వారి ఇంటికే పోయి మాటలాడవలెను. వలస పోయిన తల్లిదండ్రులున్నచో వారి ఫోను నంబరు ముందుగనే వ్రాసి యుంచుకొనవలెను.