ప్రమాణపత్రమున ఒక గడి

నేడు న్యాయశాస్త్ర పట్టములను గ్రహించుచున్న స్నాతకులారా!

ఈ శుభవేళ దాంపత్య విచ్ఛేదమును ప్రస్తావించుట కొందరికి అనుచితముగా తోపవచ్చును గాని, రేపు మీ గుమ్మము త్రొక్కు కక్షిదారులలో పెక్కుమంది ఆ వ్యథతోనే వత్తురు కనుకను, అనురాగము ఆరిపోయిన యింట మిగులునది ఆస్తుల లెక్క యొక్కటియే కనుకను, ఆ లెక్కను గూర్చియే నాలుగు మాటలు చెప్పదలచితిని.

మనోవర్తి వ్యాజ్యములలో భర్త ఆదాయమును తగ్గించి చెప్పుటయు, భార్య అవసరములను పెంచి చెప్పుటయు, నడుమ న్యాయమూర్తి అంచనాతో అంకె వేయుటయు చిరకాలముగా సాగిన వాడుక. 2020 నవంబరు 4వ తేదీన జస్టిస్ ఇందూ మల్హోత్రాయు, మెదకుసీమలో పుట్టిన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డియు కూడిన సర్వోన్నత న్యాయస్థాన ధర్మాసనము ఆ వాడుకను మాన్పదలచి, ఇరుపక్షములును తమ ఆస్తులను, అప్పులను ప్రమాణపత్రమున వెల్లడింపవలెనని దేశమంతటికిని పద్ధతి యేర్పరచినది. జీతము, బ్యాంకు ఖాతాలు, నగలు, బీమా అందు చేరినవి. సేద్యగాండ్రకు వేరొక పత్రము కలదు. అది భూమి మాగాణియా, మెట్టయా అని యడుగును. మూడేండ్ల రాబడి యడుగును. గేదెలను, మేకలను, తుదకు తేనెటీగల పెంపకమును సైతము విడిచిపెట్టదు. కల్లప్రమాణము చేసినవానిపై క్రిమినల్ చర్యకును, కోర్టు ధిక్కార చర్యకును అవకాశము కలదు.

ఇట్టి పత్రము లేని కాలమున, నా వకాల్తా తొలినాళ్ళలో, ఒక రైతు పక్షమున "రెండెకరముల మెట్ట, ఫలసాయము స్వల్పము" అని జవాబు దాఖలు చేసితిని. అతడు చెప్పెను, నేను వ్రాసితిని. పాసుపుస్తకము చూపుమని యడుగనైతిని. విచారణనాడు బోనులో నిలిచిన అతని భార్య, నేనడిగిన ప్రశ్నను చివరివరకు విని, నెమ్మదిగా, "మెట్ట చేనైతే ఇన్నేళ్ళూ నేను వరినాట్లు వేసిందెక్కడండీ?" అన్నది. న్యాయమూర్తి కలము నాపి, ఆ రైతువైపు గాక, నావైపు చూచిరి.

స్నాతకులారా, సంతకము కక్షిదారుది కావచ్చును గాని వ్రాత మీది. అతడు చెప్పినంత మాత్రమున గడి నింపక, పాసుపుస్తకమును, ఖాతా పుస్తకమును చేతబట్టి చూచి, ప్రతి గడిని అతనికి చదివి వినిపించి, ఆ పిమ్మటనే సంతకము చేయింపుడు. నాట్లు వేసిన చేతులు ఎదుటి పక్షమున నుండునని మరువకుడు.